సెలవడగని మిషన్

పరువు అనేది మనిషికి ఒక్కసారి పోతే ఏదో ఏమరుపాటు అనుకుని ఊరుకోవచ్చు. నా పరువు మాత్రం ఒకే మధ్యాహ్నం, రెండు వందల ఎనభై స్టీలు ప్లేట్ల సాక్షిగా, ప్లేటుకొకసారి చొప్పున పోయింది. ఆ కథే చెప్పబోతున్నాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. జాలి పడదలుచుకున్నవాళ్ళు మాత్రం కొంచెం ఆగండి. చివరిదాకా చదివితే ఎవరి మీద జాలిపడాలో మీకే తెలుస్తుంది. నా మీద మాత్రం కాదు.

అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, ఒక్క గది కిరాయితో మొదలుపెట్టి, ఎల్బీనగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ళం. మా ఆయనవి రెండు డీసీఎం బండ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు తిరిగేవి. ఇల్లు కట్టినదాన్ని కాబట్టి ఈ లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. అక్షరం ముక్క రాకపోయినా ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నప్పుడే అది కొంచెం సన్నబడింది.

కింద మేము ఉండేవాళ్ళం. పైన కిరాయికి రత్నకుమారి గారని, తెనాలి వైపు ఆవిడ. వాళ్ళాయన చైతన్యపురిలో ఏదో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఇక మా ఇంట్లో బోళ్ళు తోమేది యాదమ్మ. మా పక్క ఊరిదే. ఆరేళ్ళుగా పొద్దున్నే వచ్చి, పెరట్లో గచ్చు మీద కూర్చుందంటే అరగంటలో గిన్నెలన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తూ బోర్లా పడుకునేవి.

అవి తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఈరోజు ర్యాలీ అయితే రేపు ధర్నా, ఎల్లుండి బంద్. నేను ఎప్పుడూ ముందు వరుసలోనే. నాకు దేవుడిచ్చిన ఒకే ఒక్క ఆస్తి గొంతు. ఎల్బీనగర్ చౌరస్తాలో నేను "జై" అంటే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో నిలబడ్డవాళ్ళు "తెలంగాణ" అనేవాళ్ళని మా వీధిలో చెప్పుకునేవారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే అనుకోండి.

ఒకరోజు యాదమ్మ తోముతూ తోముతూ అన్నది:

"అక్కా, రేపు నేను రాను. ర్యాలీకి పోతున్న."

"గా ర్యాలీకి నేను గూడ పోతున్న గదనే! ఇద్దరం పోతే బోళ్ళెవరు తోముతరు?"

"ఒచ్చినంక తోముకుందం తియ్యి."

"మొన్న గూడ పోతివి."

"మొన్న నువ్వు గూడ ఒస్తివి గదక్కా. నీ ఎన్కనే నడిసిన. నువ్వు మర్రి సూడలే."

ముందు వరుసలో నడిచేవాళ్ళకు వెనక ఎవరున్నారో చూసే తీరిక ఎక్కడిది? అయినా ఓపిక తెచ్చుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను.

"సూడు యాదమ్మా. తెలంగాణ ఒస్తే అందరికొస్తది. నువ్వు ర్యాలీకి రాకున్నా నీ పాలు నీకొస్తది. నీ తరపున గూడ నేనే అరుస్త. నువ్వు నిమ్మలంగ ఇంట్ల ఉండి బోళ్ళు తోము."

ఈ మాట అన్నది నేనే. ఇంకెవరో అన్నట్టు రాద్దామని మూడు కాగితాలు చింపాను. కుదరలేదు.

యాదమ్మ చేతిలో పీచు కింద పెట్టింది. సగం తోమిన కుక్కరు వైపు ఒకసారి చూసింది. "నా నోరు నాకున్నదక్కా. నా అరుపు నేనే అరుసుకుంట," అని చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని నడిచింది.

"పో, పో! నువ్వు గాకపోతే పట్నంల మనిషే దొరకదా?" అని గేటు దాకా వెళ్ళి అరిచాను.

దొరకలేదు. బస్తీలో ఎవరిని అడిగినా "యాదమ్మ మానేసిన ఇంటికా?" అని నన్ను కిందికి మీదికి చూసేవాళ్ళు. నాలుగో రోజు పైన మా రత్నకుమారి గారి వంటింటి వైపు నుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆరేళ్ళు విన్న చెయ్యి. మెట్లెక్కి పైకి పోయాను.

"ఏం రత్నమ్మగారూ! నా మనిషిని గుంజుకున్నరా?"

"అయ్యో, మీరే మానిపించేశారని చెప్పిందండీ. నాకు చూస్తే నడుం నొప్పి. అంట్లు పేరుకుపోతున్నాయి…"

"మరి ర్యాలీ ఉన్ననాడు సెలవిస్తరా?"

"ఇస్తానన్నానండీ. ఆ పూటకి ఎలాగోలా నేనే పడతాను."

"మీకు తెలంగాణ ఇష్టం లేదంటరు గద!"

"నా అభిప్రాయం నాదండీ, ఆవిడ అభిప్రాయం ఆవిడది. మధ్యలో అంట్లకేం తెలుసు?" అన్నదావిడ, చాలా మామూలుగా.

చూశారా అన్యాయం! నా ఇంట్లో కిరాయికుండి, నా మనిషిని పెట్టుకుని, నా ఉద్యమానికి ఆవిడ సెలవు ఇస్తుందట! ఆ రాత్రి అన్నం సయించలేదు. సయించినా తినడానికి కడిగిన కంచం లేదు. యాదమ్మ లేకుండా నా ఇల్లు నడుస్తుందని యాదమ్మకే చూపించాలి, అంతవరకు నిద్రపోవద్దని ఒట్టు పెట్టుకున్నాను.

దారి చూపించింది మా ఆయన. ఆయన ఏ పనికీ దారి చూపించడు. చూపించిన ఒక్కసారీ ఇలా అయ్యింది. "దిల్‌సుఖ్‌నగర్ల గా పెద్ద షాపుల బోళ్ళు తోమే మిషన్లు ఒచ్చినయంటనే," అన్నాడు. తెల్లారి పొద్దెక్కేసరికి చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

మా ఊళ్ళో ఎద్దును కొనాలంటే పద్ధతి ఉంది. పళ్ళు చూడాలి, తోక పట్టాలి, కాడి కట్టి నాలుగు అడుగులు నడిపించాలి. ఏ పద్ధతీ లేకుండా వస్తువులు కొనేది పట్నం మనుషులు, నేను కాదు. అందుకని పాలు మాడ్చిన గిన్నె ఒకటి, అడుగున నల్లగా అట్టకట్టినదాన్ని, సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఆ గిన్నె పొరపాటున మాడింది కాదు. పరీక్ష కోసం పొద్దున్నే కూర్చుని శ్రద్ధగా మాడ్చాను.

షాపులో టై కట్టుకున్న ఒకతను ఎదురొచ్చాడు.

"ఏం చూపించమంటారు మేడమ్?"

"నమ్మకమైంది గావాలె."

"ఏది మేడమ్?"

"బోళ్ళు తోమేటిది. సెలవడగొద్దు, ఎదురు మాట్లాడొద్దు."

మూడు మిషన్లు చూపించాడు. మొదటిదాని తలుపు తెరిచి లోపలికి తల పెట్టాను. ఏముందనుకున్నారు? పళ్ళు! ప్లేట్లు నిలబెట్టడానికి తీగెలతో చేసిన పళ్ళు, కింద రెండు వరుసలు, మీద రెండు వరుసలు. నా గుండె నిండిపోయింది. ఇదేదో నాకు తెలిసిన బేరమే అనుకున్నాను. ఒక్కొక్క పన్నూ వేలితో ఊపి చూశాను. మొదటిదానికి ఒక పన్ను వంగి ఉంది. పక్కన పెట్టేశాను. రెండోదానికి పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నాయి, పట్టు లేదన్నాను. మూడోదానికి వరుస బాగా కుదిరింది.

"వయసులున్నది," అన్నాను మా ఆయనతో.

మా ఆయన ఫ్యాన్ల వైపు చూస్తూ నేనెవరో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఊరికి పోతదా?" అని అడిగాను టై అబ్బాయిని.

అతను ఒక్క క్షణం తడబడి, సర్దుకున్నాడు. తెలివైనవాడు. "పోదు మేడమ్."

"జాతరకు? చుట్టాల పెండ్లికి?"

"పిలిచినా పోదు మేడమ్."

"ధర్నాలకు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, దీనికి రాజకీయాలు లేవు."

అక్కడే పడిపోయాను. ఆ తర్వాత అతనేం చెప్పినా నాకు మంగళహారతి పాటలాగే వినిపించింది.

"గిన్నెలు తోమెటానికి ఎంతసేపు పడ్తది?" అని మా ఆయన అడిగాడు.

"రెండు గంటలు సార్."

"రెండు గంటలా? మా యాదమ్మ అర్ధగంటల…"

ఆయన కాలు తొక్కాను. "నిదానంగ జేసేటోళ్ళే సుబ్బరంగ జేస్తరు," అన్నాను.

"నెలకోసారి ఉప్పు పోయాలి మేడమ్. ఇక్కడి బోరు నీళ్ళకు గిన్నెల మీద తెల్లగా సున్నం కడుతుంది కదా, అందుకు వేరే రకం ఉప్పు ఉంటుంది."

"బర్రెకు పెట్టినట్టా? పెడ్త. తిని పనిజేసేటిదంటేనే నాకు నమ్మకం." సంచిలోంచి మాడిన గిన్నె తీసి బల్ల మీద పెట్టాను. "ఇగ ఇది తోమి సూపియ్యి."

"మేడమ్, షాపులో నీళ్ళ పైపు లేదు."

"కాడి కట్టకుంట ఎద్దునెట్ల కొంటరు బాబూ?"

"మేడమ్, ఇది ఎద్దు కాదు మేడమ్."

"గదే నేను సూడాలంటున్న."

పదిమంది పోగయ్యారు. ఆ అబ్బాయి నుదురు తుడుచుకుని, గిన్నె తీసుకుని వెనక గదిలోకి పోయాడు. కాసేపటికి టై భుజం మీద వేసుకుని, చేతులు తడిగా, రొప్పుతూ వచ్చాడు. గిన్నె అద్దంలా ఉంది. అతనే కూర్చుని గీకి తెచ్చాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం వెనక గదిలో ఇంకో మిషన్ ఉందనుకుని "సూసినవా!" అన్నట్టు మా ఆయన వైపు చూశాను. ఆ రోజు ఆ షాపులో నమ్మకంగా గిన్నెలు తోమేది ఏదన్నా ఉందంటే అది ఆ టై కట్టుకున్న అబ్బాయే. అతన్ని తీసుకొచ్చుకోవాల్సింది. మిషన్ తెచ్చుకున్నాను.

వంటింట్లో చోటు లేక పెరట్లో, సరిగ్గా యాదమ్మ కూర్చునే గచ్చు మీద దాన్ని పెట్టించాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడ ఎక్కడుందో తెలియక తలుపు పిడికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాను. దానితో వచ్చిన పుస్తకాన్ని నేను చదవలేను గనుక దేవుడి అర్రలో పెట్టి దండం పెట్టాను. బిగించడానికి వచ్చిన మెకానిక్ "మెతుకులు దులిపి లోపల పెట్టండి చాలమ్మా," అని చెప్పి పోయాడు.

మెతుకులు దులిపితే చాలట! అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పూజ చేసిన మిషన్‌లో, బొట్టు పెట్టిన తలుపు తెరిచి, ఎంగిలి కంచాలు ఎట్లా పెడతారండీ? మా అత్త చేతికింద పెరిగినదాన్ని. ఎంగిలి కంచం పక్కన కడిగిన కంచం పెట్టానని ఆమె నాతో మొత్తం వంటిల్లు కడిగించిన మనిషి. అందుకని ముందు గిన్నెలన్నీ బూడిద వేసి, చింతపండు వేసి శుభ్రంగా తోమి, కడిగి, ఆ తర్వాత మిషన్‌లో పేర్చి స్విచ్ నొక్కాను. రెండు గంటలు అది గుడగుడమని తిప్పింది. తీసి చూశాను. వేడివేడిగా, మెరుస్తూ ఉన్నాయి. అప్పుడొక అనుమానం పుట్టింది. కోడికూర గిన్నె, పెరుగు గిన్నె, నా శనివారం ఒక్కపొద్దు గ్లాసు, ఇవన్నీ ఒకే నీళ్ళలో మునిగి లేచాయి కదా? ఇంకేం, మళ్ళీ అన్నీ బయటికి తీసి మంచినీళ్ళతో ఇంకోసారి కడిగాను.

యాదమ్మ ఉన్నప్పుడు గిన్నెలను ఒకసారి కడిగేవాళ్ళు. మిషన్ వచ్చాక మూడుసార్లు. అందులో రెండుసార్లు నేను.

మా ఆయన మూడు రోజులు చూసి నాలుగో రోజు అన్నాడు: "బోళ్ళు నువ్వు తోముతున్నవ్. అవి తోముడుకు అలిసిపోయినయని అది ఏడినీళ్ళ తానం బోస్తున్నది. గంతే గదనే?"

"సప్పుడు జెయ్యకుండు. పైనోళ్ళు ఇంటరు."

పైనవాళ్ళు వినకూడదనే నా బాధంతా. తోముతున్న చప్పుడు వినబడకుండా టీవీ పెద్దగా పెట్టేదాన్ని. ఉద్యమం వార్తలు మా ఇంట్లోంచి మూడు వీధులకు వినబడేవి. ఎవరైనా వస్తే చేతులు కొంగులో దాచుకుని "స్విచ్ ఒత్తి కూసుంటనంతే. ఏం పని లేక కాళ్ళు ఉబ్బుతున్నయ్," అనేదాన్ని. ఒకసారి యాదమ్మ మెట్లు దిగిపోతుంటే వినాలని మరీ గట్టిగా అన్నాను. యాదమ్మ ఆగి, నా వైపు కాదు, నా చీర అంచు వైపు చూసింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కొంగు దోపుకుని గేటు దాటి పోయింది. ఏమన్నా అంటే బాగుండేది.

ఇట్లా పదిహేను రోజులు గడిచాయి. అప్పుడు మా కాలనీ ఆడవాళ్ళ మీటింగు పెట్టారు. ఎల్బీనగర్‌లో వంటావార్పు చెయ్యాలని. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తింటూ రోడ్డు ఆపెయ్యడమన్న మాట. మా సంఘం పెద్ద ఒక టీచరమ్మ. ఆమె లెక్క చెప్పింది: బియ్యం దొరికింది, కట్టెలు దొరికాయి, బంద్ వల్ల షాపులు మూసి ఇస్తరాకులు దొరకలేదు. ఫంక్షన్ హాలు వాళ్ళు స్టీలు ప్లేట్లు ఇస్తామన్నారు, కానీ అదేరోజు సాయంత్రం ఐదింటికి అక్కడ నిశ్చితార్థం ఉంది, ఆలోగా కడిగి అప్పజెప్పాలి.

"కడుగుడేముంది? యాదమ్మోళ్ళు ఉన్నరు గద," అన్నారు ఎవరో.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న యాదమ్మ లేచి నిలబడింది.

"టీచరమ్మా, ఒంటకొస్తం. కట్టెలు మోస్తం. రోడ్డు మీద కూసుంటం, లాఠీలు పడితే పడనియ్యి. గని తోమెటందుకు మాత్రం రాము. దినాం తోముడే గద మా పని? ఉద్యమంల గూడ మేమే తోమాల్నా?"

అందరూ తలలు దించుకున్నారు. మంచి మాట అన్నదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ మాట అన్నది యాదమ్మ! ఆమెను గెలిచే రోజు వచ్చిందని నా ఒళ్ళంతా ఉప్పొంగింది. నేను లేచానో, ఎవరైనా లేపారో తెలియదు, నిలబడి ఉన్నాను.

"ఎవ్వరు రానక్కర లేదు! మా ఇంట్ల మిషనున్నది. ఎన్ని ప్లేట్లున్నా పంపియ్యుండ్రి. స్విచ్ ఒత్తుతే అయిపాయె!"

చప్పట్లు. టీచరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సత్తెమ్మా, నువ్వు ఉద్యమానికి ఆస్తివి," అన్నది. యాదమ్మ మాత్రం నా కళ్ళలోకి చూసి, "హాల్ల ప్లేట్లు మూడొందల దాక ఉంటయక్కా," అన్నది మెల్లగా. హెచ్చరించిందని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నేను దాన్ని కుళ్ళు అనుకున్నాను.

వంటావార్పు నాడు పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి రోడ్డంతా పొగ, బగారా అన్నం వాసన, నినాదాలు. నేను వడ్డన దగ్గర నిలబడ్డాను. ఊరికే వడ్డిస్తే నేను నేనెట్లా అవుతాను?

"మల్ల పెట్టుకుంటవా బిడ్డా? గా ప్లేటు ఆడ పారెయ్యి, కొత్తది తీస్కో! పప్పుకు ఒక ప్లేటు, బగారాకు ఒక ప్లేటు! మొహమాట పడకుండ్రి, తోముడు మా మిషన్ సూస్కుంటది!"

జనం మొహమాటపడలేదు. వంద ప్లేట్లతో అయిపోవాల్సిన భోజనానికి ఫంక్షన్ హాల్లో ఉన్న ప్లేట్లన్నీ వచ్చాయి. నా నోటితో నేనే ఒక్కొక్కటీ పిలిచి ఎంగిలి చేయించాను.

రెండింటికి మా ఆయన డీసీఎం మా ఇంటి ముందు ఆగింది. బత్తాయిలు తెచ్చే బండిలో గుట్టగా ఎంగిలి ప్లేట్లు, ఆ గుట్ట మీద బోర్లించిన ఐదు గుండిగలు. దింపేసరికి పెరడు నిండి, వసారా నిండి, తులసికోట చుట్టూ కూడా ప్లేట్లే. తోమి పెట్టే తీరిక లేదు కాబట్టి ఎంగిలి, పూజ అన్నీ గాలికి వదిలేసి మొదటి వాయి లోపల కుక్కి స్విచ్ నొక్కాను. అది గుడగుడమంది. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెనకాలే టీచరమ్మ, పదిమంది ఆడవాళ్ళు మిషన్ చూడాలని వచ్చారు.

మా ఆయన ఒక మూల నిలబడి వేళ్ళు ముడుస్తున్నాడు.

"ఏందయ్యా లెక్క?"

"ఒక్కపాలి ఎన్ని ప్లేట్లు పడ్తున్నయే?"

"పన్నెండు."

"రెండొందల ఎనభై. వాయికి రెండు గంటలు. అంటే…" ఆయన ముఖం కుళ్ళిన పండ్ల పెట్టె తెరిచినవాడి ముఖంలా అయ్యింది. "రెండు దినాలు, రెండు రాత్రులే! గది గూడ కరెంటు పోకుంటే."

ఆయన మాట పూర్తికాకముందే మిషన్ గుర్రుమని, వణికి, ఆగిపోయింది. వీధి మొత్తం కరెంటు పోయింది.

బొగ్గు గనులవాళ్ళు సమ్మెలో ఉన్నారు. కరెంటు కోతలు అందుకే. ఆ సమ్మె మొదలైన నాడు చౌరస్తాలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరో మీకు వేరే చెప్పాలా? సమ్మె చెయ్యని మిషన్ కావాలని ఏరికోరి కొన్నాను. అది తాగే కరెంటు సమ్మె చేసేవాళ్ళ చేతిలో ఉందని ఆ టై అబ్బాయి చెప్పలేదు, నేను పళ్ళు చూడటంలో మునిగి అడగలేదు.

తలుపు తెరిచాను. పన్నెండు మంది తిన్న పప్పు, లవంగాలు, బిర్యానీ ఆకు అన్నీ కలిసి చారులా బయటికి దూకి టీచరమ్మ పాదాల మీద పడ్డాయి.

"సత్తెమ్మా," అన్నది ఆమె, ఏమాత్రం కదలకుండా. "ఐదింటికి అప్పజెప్పాలె. ఆడపిల్లోళ్ళు ఒచ్చేసరికి ప్లేట్లు లేకుంటే మన సంఘం పేరు పోతది."

"జర ఆగుండ్రి… కరెంటు ఒస్తది…"

"ఎప్పుడొస్తది?"

"తెలంగాణ ఒచ్చినంక," అన్నాడు మా ఆయన మూలనుంచి. జీవితంలో ఆయన వేసిన ఒకే ఒక్క జోకు. దాన్ని ఆ రోజుకే దాచిపెట్టుకున్నాడు.

నేను చీర ఎగ్గట్టి కింద కూర్చున్నాను. పీచు పట్టుకుని మొదటి ప్లేటు అందుకున్నాను. నవ్వు వినబడింది. ఒకటి కాదు, పది నవ్వులు. అప్పుడు మెట్ల మీదినుంచి రత్నకుమారి గారు వేడినీళ్ళ గిన్నె మోసుకుంటూ దిగారు.

"రాష్ట్రం సంగతి తర్వాత చూసుకుందురుగానండీ. చల్లనీళ్ళతో ఈ జిడ్డు ఏడాదైనా పోదు. జరగండి," అని నడుం పట్టుకుంటూనే నా పక్కన కూర్చున్నారు. నవ్విన ఆడవాళ్ళు కూడా సిగ్గుపడి కొంగులు దోపారు.

ఆ ఆడవాళ్ళ వెనకాలే వచ్చిన యాదమ్మ మాత్రం మెట్ల మీద కూర్చుంది. "నేనైతే తోమ. అందరి ముంగట మాటన్న," అన్నది. "గని మీరు గిట్ల తోముతే రేపు పొద్దుగాలకు గూడ గాదు. ముందుగాల మెతుకులన్ని ఒక గంపల దులుపుండ్రి. మూడు టబ్బులు పెట్టుండ్రి. ఒకదాంట్ల నానెయ్యుండ్రి, ఒకదాంట్ల తోముండ్రి, ఒకదాంట్ల జాడియ్యుండ్రి. సత్తెమ్మక్కా, ప్లేటును తిప్పకు. చెయ్యి తిప్పు. గట్ల ఒంగకు, నడుము పోతది, పీటేసుకో."

చెయ్యి తిప్పాను. నిజంగానే ప్లేటు రెండు తిప్పుల్లో తెల్లబడింది. ఆరేళ్ళు నా పెరట్లో నా కళ్ళముందు జరిగిన పనికి ఇంత పద్ధతి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఎద్దు పళ్ళు చూడటం తెలుసు గానీ, ఎదురుగా పనిచేసే మనిషి చేతుల వైపు ఒక్కసారీ చూడలేదు.

నాలుగు గంటలప్పుడు మా వీధిలోంచి ఊరేగింపు పోయింది. "జై" అన్నారు. అలవాటుగా నా నోరు తెరుచుకుంది, గొంతు మాత్రం లేవలేదు. చేతులు సబ్బునురగలో ఉన్నాయి, చేతులు ఎత్తకుండా నాకు నినాదం రాదు. మెట్ల మీద యాదమ్మ లేచి, రెండు చేతులూ ఎత్తి "జై తెలంగాణ!" అని అరిచింది. గోడ మీది పావురాలు లేచిపోయాయి. అంత గొంతు ఆమెకు ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

ఐదుకు పది నిమిషాలుండగా చివరి ప్లేటు డీసీఎం ఎక్కింది. టీచరమ్మ లెక్కపెట్టి తలూపి, కాళ్ళు కడుక్కుని, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. పెరట్లో మేము ముగ్గురమే మిగిలాం. నా వేళ్ళు ముడతలు పడి చింతకాయల్లా ఉన్నాయి. గర్వమనేది ఎక్కడన్నా ఒక ముక్క మిగిలుంటే అదీ ఆ కాలువలో పోయిందని తెలిసి, అడిగాను.

"యాదమ్మా. రేపటిసంది ఒస్తవా? ధర్నాలకు సెలవిస్త. అడగకున్నా ఇస్త."

యాదమ్మ నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. అదే కష్టంగా ఉంది.

"రానక్కా. రత్నమ్మ కాడ మంచిగనే ఉన్నది."

తల దించుకున్నాను. యాదమ్మ ఒక మెట్టు దిగి దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మిషన్ కొనేటప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా చూడలేదు.

"గని చెయ్యి మంచిగ తిరిగిందక్కా నీకు. ఒక మాట జెప్తె ఏమనుకోవు గద? నేను ర్యాలీకి పోయిననాడు రత్నమ్మకు నడుము నొస్తున్నది. గా ఒక్కపూటకు ఎవరన్న నమ్మకమైన మనిషి గావాల్నని సూస్తున్నది. నీ పేరు జెప్పాల్నా?"

"అయ్యయ్యో, అదేం మాటే యాదమ్మా! ఇంటి ఓనరు గారిని పట్టుకుని…" అంటూ రత్నకుమారి గారు నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే గుండిగ అంచు మీద వేలు పెట్టి రాసి, వేలు చూసుకున్నారు. "అయినా… జిడ్డు లేదండీ. బాగానే తోమారు."

నేనేం అన్నానో తెలుసా? ఉగ్రరూపం దాల్చి లేచానా? లేదు. ఇంటి యజమానురాలిని, మహిళా సంఘం సభ్యురాలిని, ముందు వరుస కార్యకర్తను, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"నెలకెన్ని సెలవులిస్తరు?"

ఆ పై వారమే ధర్నా పడింది. యాదమ్మ పోయింది. నేను చీర ఎగ్గట్టి మెట్లెక్కి పైకి పోయాను.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సమక్షంలో, ముడతలు పడిన పది వేళ్ళ మీద ఒట్టు పెట్టి, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను. నలుగురు కూర్చున్న చోట నేను ఇంకెప్పుడూ లేచి నిలబడి, చెయ్యడం రాని పనిని చిటికెలో చేయిస్తానని మాట ఇవ్వను. ఒకవేళ ఈ వయసులో ఉత్సాహం ఆపుకోలేక లేవబోతే, పక్కన ఉన్నవాళ్ళు దయచేసి నా కొంగు పట్టి కిందికి గుంజండి. గట్టిగా గుంజండి. చీర చిరిగినా ఫరవాలేదు, పాత చీర ముక్కతో తుడిస్తే స్టీలు బాగా మెరుస్తుంది.